చెరువు లేని ఇంటి నుంచి చేపల పరిశోధనకు

చేపల మీద పరిశోధన చేస్తున్నానంటే మన వాడల్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "చెరువు ఎవరిది?" న్యాయమైన ప్రశ్న. తెలంగాణలో ఊరి చెరువులో చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. వాటిలో సభ్యులు ఎక్కువగా తరతరాలుగా చేపలు పట్టే కులాలవాళ్ళు. వాళ్ళూ పేదలే, వాళ్ళ హక్కుతో మనకు పేచీ లేదు. కోస్తాలో సంగతి వేరు. అక్కడ చేపల చెరువంటే ఒకరి పట్టా భూమి, ఒకరి పెట్టుబడి. దాని గట్టు మీద మనవాళ్ళకు దొరికింది మేత చల్లే పని, వల లాగే పని, రాత్రి కాపలా.

ఆ చెరువుల నష్టం మాత్రం మన వాటాకు గట్టిగానే వచ్చింది. రొయ్యల చెరువుల ఉప్పునీరు పక్క పొలాల్లోకీ తాగే బావుల్లోకీ దిగింది. దీని మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 11న ఇచ్చిన తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు ఎస్. జగన్నాథ్ కేసుగా చదువుకుంటారు. ఆ కేసు వేసిన జగన్నాథన్ ఎవరో చాలామందికి తెలియదు. కీళవెన్మణి మారణకాండ తర్వాత తంజావూరు ప్రాంతంలో దళిత కూలీలకు భూమి దక్కాలని భార్య కృష్ణమ్మాళ్‌తో కలిసి ఏళ్ళ తరబడి పనిచేసిన గాంధేయవాది. రొయ్యల మీద కేసు కూడా ఆ భూమి పోరాటంలోంచి పుట్టిందే.

అందుకే మత్స్యశాస్త్రం భూమి ఉన్నవాళ్ళ శాస్త్రమని మన పిల్లలు అనుకుంటే తప్పు పట్టలేం. అయితే ఆ శాస్త్రంలోనే, ఎకరాలు అక్కర్లేని మూల ఒకటుంది. అది రంగుచేపల పెంపకం. అక్వేరియంలో పెట్టుకునే గప్పీ, మాలీ, ప్లాటీ, గోల్డ్‌ఫిష్, కోయి, ఏంజెల్, ఫైటర్ లాంటి చేపల్ని పిల్లలు పెట్టించడం, పెంచడం, అమ్మడం. ఇందులో పీజీ, పీహెచ్‌డీ చేయడానికి ఏ దారులున్నాయి, అసలు ఏం పరిశోధించాలి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అనేవి డిగ్రీ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తరచూ అడుగుతున్నారు. వాళ్ళ కోసమే ఇది.

సెంటున్నరలో ఏం పడుతుంది?

ముందు వ్యాపారం సంగతి కొంచెం. ప్రపంచ రంగుచేపల వ్యాపారంలో మన దేశం వాటా ఒక శాతం కూడా లేదు. మనం పంపే వాటిలోనూ ఎక్కువ భాగం ఈశాన్య రాష్ట్రాల నదుల్లో, వాగుల్లో పట్టి కోల్‌కతా మీదుగా విమానం ఎక్కించే అడవి చేపలే. దేశం లోపలి మార్కెట్‌కు పెంపకం చేపలు కావాలి. వాటికి చెన్నైలోని కొళత్తూరు పెద్ద అడ్డా. అక్కడా, ఆ చుట్టుపక్కలా ఇళ్ళ పెరట్లలో, మేడల మీద, సిమెంటు తొట్లలో చేపలు పెంచి బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మన అక్వేరియం షాపులకు వచ్చే సరుకులో చాలా భాగం అటునుంచే వస్తుంది.

పెరడు చాలు అన్నప్పుడు మన పెరడు ఎంతో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పంచిన ఇళ్ళ స్థలాలు ఊళ్ళలో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటున్నర అంటే సుమారు 650 చదరపు అడుగులు. అందులో ప్రభుత్వ నమూనా ఇల్లు 340 అడుగులు. మిగిలిన మూడొందల అడుగుల్లోనే దారి, బాత్రూమ్, బట్టలు ఆరేసుకునే చోటు అన్నీ పోగా ఎన్ని తొట్లు పడతాయి? ఏ చేప వేస్తే నెలకు ఎంత మిగులుతుంది? నీళ్ళెన్ని, కరెంటు బిల్లెంత? ఇది అచ్చంగా పీహెచ్‌డీకి సరిపోయే ప్రశ్న. యూనివర్సిటీ ఫారాల్లో చేసే లెక్కలకు పెద్ద షెడ్డు, రోజంతా కరెంటు, జీతమిచ్చి పెట్టుకున్న పనివాడు ఉంటారు. కాలనీ ఇంటికి ఆ లెక్క అతకదు.

ప్రభుత్వం లెక్క కూడా చూడండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్ ఖర్చు 3 లక్షలుగా పెట్టారు. జనరల్ వాళ్ళకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ. అంటే మనవాళ్ళకు లక్షా 80 వేలు ప్రభుత్వం ఇస్తుంది, లక్షా 20 వేలు ఇంట్లోంచి రావాలి. కూలి ఇంట్లో లక్షా 20 వేలు ఎక్కడుంటాయి? కాగితం మీద ఎస్సీల పేరున్న యూనిట్లలో పెట్టుబడి నిజంగా ఎవరిది, లాభం ఎవరికి పోతోంది? మత్స్య విస్తరణ, మత్స్య ఆర్థికశాస్త్రం విభాగాల్లో ఎంఎఫ్‌ఎస్సీ చేసేవాళ్ళకు ఇంతకంటే మంచి అంశం ఉంటుందని నేననుకోను.

భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, అందరూ సిఫా అని పిలిచేది, ఒడిశాలో దేవ్‌గఢ్ జిల్లా బర్కోట్ ప్రాంతంలో సరువాలి, లాండీఝరి అనే ఊళ్ళను రంగుచేపల గ్రామాలుగా తయారుచేసింది. అక్కడి మహిళలు ఇళ్ళ దగ్గరే సిమెంటు తొట్లలో చేపలు పెంచారు. ఇలాంటి ప్రయత్నం గురించి పరిశోధన రాసేవాళ్ళు సాధారణంగా ప్రాజెక్టు నడిచిన ఏళ్ళ లెక్కతో ఆపేస్తారు. శాస్త్రవేత్తలు వెళ్ళిపోయిన ఐదేళ్ళకు ఆ తొట్లలో ఏముంది అనేది కూడా ఒక థీసిస్సే.

పన్నెండు తొట్ల ప్రయోగం

ల్యాబ్ పరిశోధన అనగానే కోట్ల రూపాయల యంత్రాలు కళ్ళ ముందుకొస్తాయి. రంగుచేపల్లో అది సగమే నిజం. ఒక ఉదాహరణ చెబుతాను.

చేపకు ఎరుపు, నారింజ, పసుపు రంగులిచ్చేవి కెరోటినాయిడ్లు. చేప వాటిని తన ఒంట్లో తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. అందుకే షాపులో ఎర్రగా మెరిసిన గోల్డ్‌ఫిష్ ఇంటికొచ్చి నాలుగు నెలలయ్యేసరికి వెలవెలబోతుంది. కంపెనీ మేతలో కలిపే అస్టాక్సాంతిన్ ఖరీదైనది. బదులుగా స్పైరులినా, క్యారెట్, బంతిపూల రెక్కలు వాడి చూసిన పరిశోధనలు చాలానే ఉన్నాయి. దసరా, బతుకమ్మ అయిపోయిన మర్నాడు మన మార్కెట్లలో బంతిపూలు కుప్పలుగా పడి ఉంటాయి. వాటిని నీడన ఆరబెట్టి, పొడి చేసి, తవుడు, వేరుశెనగ చెక్క, చేపపొడి ఉన్న మేతలో మూడు మోతాదుల్లో కలపండి. బంతి కలపని మేత ఒకటి పోల్చడానికి. మొత్తం నాలుగు మేతలు. ఒక్కో మేతకు మూడేసి తొట్లు, ఒకటే అయితే ఆ ఫలితం మేత వల్ల వచ్చిందో తొట్టి వల్ల వచ్చిందో చెప్పలేం కాబట్టి. వెరసి పన్నెండు తొట్లు. అరవై రోజులు పెంచి, బరువు తూచి, చర్మంలోని రంగును అసిటోన్‌తో తీసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో కొలవాలి. ఆ యంత్రం మామూలు డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనూ ఉంటుంది. అరువు అడిగే ధైర్యం ఉండాలి, అంతే.

బంతి మీద ఇప్పటికే పనులున్నాయి కాబట్టి మీరు కొత్తగా చెప్పాల్సింది ఇంకొకటి ఉండాలి. మందులు కొట్టి పండించిన బంతి చేపలకు పనికొస్తుందా? కిలో మేతకు ఎంత ఆదా? గైడు అడిగేది అదే.

రంగు కంటే కష్టమైన సమస్య పిల్లచేపల తిండి. గప్పీ, మాలీ, ప్లాటీ నేరుగా పిల్లల్ని కంటాయి. ఆ పిల్లలు పుట్టిన రోజే పొడి మేత తింటాయి. కొత్తవాళ్ళు వీటితో మొదలుపెట్టేది అందుకే. ఫైటర్ అలా కాదు. మగచేప నీటిమీద నురగతో గూడు కట్టి, గుడ్లను నోటితో ఏరి అందులో పెట్టి కాపలా కాస్తుంది. పొదిగిన పిల్ల కంటికి ఆనదు. దానికి ముందు ఇన్ఫుసోరియా, తర్వాత ఆర్టీమియా కావాలి. ఆర్టీమియా గుడ్ల డబ్బాలు ఎక్కువగా విదేశాల నుంచే వస్తాయి, ధర పెరట్లో పెంచుకునేవాళ్ళకు అందదు. బదులుగా మోయినా, డాఫ్నియా లాంటి నీటి ఈగల్ని ఇంటి దగ్గరే నమ్మకంగా పెంచే పద్ధతి ఎవరు స్థిరపరిచినా పెరటి రైతులు వాళ్ళను మరిచిపోరు.

ఇంకో మేత ఉంది, ట్యూబిఫెక్స్. సన్నటి ఎర్రని పురుగు. చేపలు ఎగబడి తింటాయి, త్వరగా పెరుగుతాయి. ఆ పురుగు పెరిగేది మురుగులో. మురుగుకాలవ బురదలో దిగి, దాన్ని గంపలకెత్తి, కడిగి, షాపులకు చేర్చాలి. చేప రోగాలకు ఈ పురుగు ఎలా కారణమవుతుందో రాసిన శాస్త్రవేత్తలు చాలామంది ఉన్నారు. ఆ బురదలో దిగే మనుషులు ఎవరు, ఏ కులం, చేతులకూ కాళ్ళకూ ఏ జబ్బులొస్తున్నాయి, లీటరు పురుక్కు వాళ్ళకు దక్కేదెంత అనే ప్రశ్నను చేపల ఆరోగ్య విభాగంవాళ్ళు వేయరు. సమాజశాస్త్ర విభాగంవాళ్ళకు ఆ పురుగు సంగతి తెలియదు. రెండూ తెలిసినవాళ్ళు ఎక్కడి నుంచి రావాలో వేరే చెప్పాలా?

మన నీళ్ళు, మన చేపలు

నీటి విషయం తెలుగు జిల్లాల పరిశోధకులకు పెద్ద గని. రంగుచేపల పుస్తకాలు అమెజాన్ నదికి చెందిన టెట్రాలకు, డిస్కస్‌కు మెత్తటి నీళ్ళు కావాలంటాయి. మన బోరు నీళ్ళు చాలాచోట్ల కఠినం, నల్గొండలో ఫ్లోరైడ్ అదనం. గప్పీ, మాలీలకు కఠినజలం ఇబ్బంది కాదు. మాలీ అయితే క్రమంగా అలవాటు చేస్తే సముద్రమంత ఉప్పులోనూ బతుకుతుంది. రొయ్యల చెరువుల పక్కన ఉప్పుబారిపోయిన వాడ బావుల్లోని నీళ్ళతో మాలీని పెంచవచ్చా, ఏ స్థాయి ఉప్పు వరకు పిల్లల సంఖ్య తగ్గకుండా ఉంటుంది అనేది చేయదగ్గ పని. ఒక్కమాట మాత్రం చెప్పాలి. ఇలాంటి పరిశోధన బావిని పాడుచేసినవాళ్ళకు సాకుగా మారే ప్రమాదముంది. "నీళ్ళు ఉప్పగా ఉంటే ఏం, చేపలు పెంచుకోండి" అనే అధికారి తప్పకుండా తయారవుతాడు. కాబట్టి బావి ఎప్పటి నుంచి, ఎవరి వల్ల ఉప్పుబారిందో థీసిస్ మొదటి అధ్యాయంలోనే రాసిపెట్టుకోవడం మంచిది.

అక్వేరియం వ్యాపారం మన నీళ్ళకు చేసిన హాని కూడా పరిశోధనాంశమే. తొట్టి నాచు తింటుందని తెచ్చిన దక్షిణ అమెరికా సక్కర్ చేప బయటికొచ్చి కృష్ణా, గోదావరి ప్రాంతాల చెరువుల్లో, కాలవల్లో చేరింది. మనవాళ్ళు దెయ్యపు చేప అంటున్నది దాన్నే. దాని ముళ్ళకు వలలు చిరుగుతాయి, తినడానికి ఎవరూ కొనరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, చేపను పట్టకుండానే నీటిలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్ళతో దీని ఉనికిని పట్టే పద్ధతి తయారుచేసి, తూర్పు కనుమల ప్రాంత జలాశయాల్లో వెతికారు. జీవసాంకేతిక శాస్త్రం చదివినవాళ్ళకు ఇది మంచి బాట.

జీబ్రా చేప కథ తలకిందులు. నల్లచారల ఈ వేలెడు చేప పుట్టిల్లు మన ఉపఖండమే. 1822లో హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పుడు అక్వేరియం షాపుల్లో చవగ్గా దొరుకుతుంది, మందుల పరిశోధనలో ఎలుకకు పోటీగా వాడతారు. 2013లో వెలువడిన దాని జన్యుపటం ప్రకారం మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో జోడీ ఉంది. సీసీఎంబీలోనూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న డాక్టర్ రెడ్డీస్ పరిశోధన సంస్థలోనూ జీబ్రా చేపల మీద పని జరుగుతుంది. తొట్లు నడపడం, పిల్లలు పెట్టించడం, రోగం ముందే కనిపెట్టడం వచ్చినవాళ్ళు ఇలాంటి ల్యాబ్‌లకు కావాలి. రంగుచేపల మీద ఎమ్మెస్సీ చేస్తే అక్వేరియం షాపు తప్ప గతి లేదనుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పండి.

ఏ డిగ్రీ, ఏ గుమ్మం

ఇక్కడ ఒక గోడ ఉంది, ముందే తెలుసుకుంటే మంచిది. ఎంఎఫ్‌ఎస్సీ చేయాలంటే నాలుగేళ్ళ బీఎఫ్‌ఎస్సీ ఉండాలి. మన పిల్లల్లో ఎక్కువమంది ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో బీజెడ్‌సీ చదువుతారు. జువాలజీ డిగ్రీతో ఎంఎఫ్‌ఎస్సీ తలుపు దాదాపు మూసి ఉంటుంది. ఇంటర్ బైపీసీ పిల్లలకు అందుకే ఇప్పుడే చెప్పాలి: నీట్‌లో ఎంబీబీఎస్ రాకపోతే బతుకు పోయినట్టు కాదు, బీఎఫ్‌ఎస్సీ ఉంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరు కాలేజీ పాతది, 1991 నాటిది. తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకంగా మత్స్య విశ్వవిద్యాలయం నరసాపురంలో పెట్టారు.

బీఎఫ్‌ఎస్సీ తర్వాత ఐసీఏఆర్ జాతీయ పీజీ ప్రవేశ పరీక్ష రాస్తే ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థలో సీటు రావచ్చు. దాని కేంద్రం ఒకటి కాకినాడలోనే ఉంది. పీహెచ్‌డీకి కూడా ఐసీఏఆర్ పరీక్ష వేరే ఉంది. కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు. సముద్రపు రంగుచేపలు ఇష్టమైతే కొచ్చిలో ప్రధాన కార్యాలయమున్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ పనులు చదవండి. క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పిల్లలు పెట్టించిన సంస్థ అది. ఈ చేపలన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడగా మారుతుంది. దాని ప్రాంతీయ కేంద్రం విశాఖలో ఉంది. సిఫా కేంద్రం విజయవాడ పక్కన పెనమలూరులో ఉంది. ఇంత దగ్గర్లో ఉన్నా మన డిగ్రీ కాలేజీల పిల్లలు వాటి గేటు కూడా చూడరు. చూడటానికి ఉత్తరం రాస్తే సరిపోతుంది.

జువాలజీ వాళ్ళు ఎమ్మెస్సీ జువాలజీ లేదా ఆక్వాకల్చర్ మీదుగా వెళ్ళాలి. నాగార్జున యూనివర్సిటీలో ఈ రెండూ ఒకే విభాగంలో ఉన్నాయి. ఆంధ్రా, ఉస్మానియా, కాకతీయ జువాలజీ విభాగాల్లో చేపల మీద పనిచేసే గైడ్లు దొరుకుతారు. వీళ్ళు రాయాల్సింది సీఎస్‌ఐఆర్ నెట్, లైఫ్ సైన్సెస్. మత్స్య కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలనుకునే ఎంఎఫ్‌ఎస్సీ వాళ్ళు రాయాల్సింది ఏఎస్‌ఆర్‌బీ నెట్. రెండూ వేర్వేరు, సిలబస్ కలవదు.

డబ్బు సంగతి. ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైంది. ఇప్పుడు ఏటా 2,000 మందికి, నెట్ ఆధారంగా ఇస్తున్నారు. 2023 జనవరి నుంచి పెరిగిన రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37 వేలు, తర్వాత మూడేళ్ళు 42 వేలు, ఇంటి అద్దె వేరే. ప్రయోగాల ఖర్చుకిచ్చే కంటింజెన్సీ మాత్రం సైన్సు వాళ్ళకు మొదటి రెండేళ్ళు ఏడాదికి 12 వేలే. మేత నమూనాలు బయటి ల్యాబ్‌కు నాలుగుసార్లు పంపితే అయిపోతుంది. ఫెలోషిప్ నెలనెలా పడుతుందని లెక్కేసుకోవద్దు. ఆలస్యాలకు సిద్ధపడి, మొదటి ఆరు నెలలు గడిచే ఏర్పాటు చూసుకుని చేరండి.

విదేశాలకు వెళ్ళాలనుకుంటే ఎస్సీలకు కేంద్రం ఇచ్చే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. మొత్తం 125 స్థానాల్లో 115 ఎస్సీలవి. 60 శాతం మార్కులు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాలి. పెళ్ళి, అప్పులు, ఉద్యోగం మధ్య ఆగి ఆగి చదివే మనలాంటివాళ్ళను ఈ 35 చాలాసార్లు దెబ్బకొడుతుంది. ఆర్టీమియా మీద ప్రపంచంలో పేరున్న ల్యాబ్ బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీలో ఉంది. పిల్లచేపల తిండి మీద పనిచేసేవాళ్ళు దాన్ని గుర్తుపెట్టుకోండి.

గైడును కలిసే ముందు

రంగుచేపల ల్యాబ్‌లో కులం ఉండదనుకోకండి. నేను చదివిన ఒకచోట తొట్లు కడిగే వంతు, చచ్చిన చేపల్ని ఏరే వంతు ఎవరికి ఎక్కువ పడేదో రిజిస్టర్ చూడకుండానే చెప్పగలిగేవాళ్ళం. పేపర్‌లో పేర్లు వేసేటప్పుడు వరుస మారేది. అందుకే గైడు పేపర్లు చదవడంతో పాటు, ఆ గైడు దగ్గర పనిచేసిన ఎస్సీ విద్యార్థులు ఎవరైనా ఉంటే వాళ్ళతో మాట్లాడండి. ఎన్నేళ్ళలో థీసిస్ ఇచ్చారు, మొదటి పేరుతో ఎన్ని పేపర్లు వచ్చాయి అని నేరుగా అడగండి. గైడును కలిసేటప్పుడు "ఏదో ఒక టాపిక్ ఇవ్వండి సార్" అనొద్దు. రెండు పేజీల్లో మీ ప్రశ్న, ఎన్ని తొట్లు, ఎన్ని రోజులు, ఏం కొలుస్తారు, ఖర్చెంత అని రాసుకుని వెళ్ళండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ముందు తెలుగులోనే రాసి, తర్వాత ఇంగ్లీషులో పెట్టుకోండి. ఆలోచన తేలేది అప్పుడే.

ఇంకో రెండు సంగతులు ల్యాబ్‌కు వెళ్ళినప్పుడే చూసిరండి. సెలవుల్లో, పండగ రోజుల్లో ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? కరెంటు పోతే గాలి పంపులకు జనరేటర్ ఉందా? చేపలు కిక్కిరిసిన తొట్టిలో గాలి ఆగితే ప్రాణవాయువు అయిపోవడానికి కొన్ని గంటలు చాలు. యాభై ఐదో రోజు రాత్రి అలా జరిగితే పన్నెండు తొట్లూ కడిగి ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి, ఫెలోషిప్ గడువు మాత్రం ఆగదు.